కనేవాళ్ళని పంపేసి కనమంటే ఎలా?

మా రోజుల్లో నర్సమ్మ వీధిలోకి వచ్చిందని తెలిస్తే చాలు, మూడో కాన్పు దాటిన ఆడవాళ్ళు దొడ్డిగుమ్మంలోంచి జారుకునేవారు. ఆ నర్సమ్మని నేనే. 1974లో కోనసీమలో ఏఎన్ఎం ఉద్యోగంలో చేరి, రిటైరయ్యేదాకా గోదారి పాయల మధ్యనే తిరిగాను. నెత్తిన గొడుగు, భుజాన సంచి. సంచిలో నిరోధ్ పొట్లాలు, ఐరన్ బిళ్ళలు, దూది, డెట్టాలు. వాటన్నిటికన్నా బరువైంది అర్హులైన దంపతుల రిజిస్టరు. భార్య వయసు 15 నుంచి 45 లోపు ఉన్న ప్రతి జంటా అందులో ఎక్కాల్సిందే. మొగుడి పేరు, పెళ్ళాం పేరు, బతికున్న పిల్లలు, పోయిన పిల్లలు, ఆఖరి కాన్పు తేదీ, ఏ పద్ధతి వాడుతున్నారు... ఇన్ని గడులు. బతికున్న పిల్లల గడిలో నాలుగు, ఆరు, మూడు, అయిదు. పోయిన పిల్లల గడి ఖాళీగా ఉన్న ఇల్లు అరుదు. 1971 నాటికి మన దేశంలో పుట్టిన వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు మరి. అందుకని మా రోజుల్లో అంతా బంగారమేనని నా చేత ఎవరూ చెప్పించలేరు. నా సణుగుడికి వేరే కారణం ఉంది.

మార్చి నెల వచ్చిందంటే మాకు అన్నం సయించేది కాదు. ఏడాది టార్గెట్టు మార్చి 31తో ముగిసేది. "కేసు తెచ్చావా సిస్టర్?" అన్నదే పైనుంచి కింది దాకా పలకరింపు. కేసంటే కు.ని., అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషను. టార్గెట్టు తప్పితే జీతం బిల్లు మీద సంతకం పడేది కాదు. అత్తగారిని బతిమాలి, మొగుణ్ణి ఒప్పించి, పిల్లని పడవెక్కించి, క్యాంపుకి తీసుకెళ్ళి, ఆపరేషనయ్యాక మళ్ళీ ఇంటి దగ్గర దింపేవాళ్ళం. కుట్లు విప్పేదాకా ఆ ఇంటి చాకిరీలో సగం మాదే. ఎమర్జెన్సీ రోజుల్లో మగాళ్ళ వంతు వచ్చింది. 1976-77లో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, అందులో ఎక్కువ భాగం మగవాళ్ళకే. ఆ భయంతో మగజాతి ఇన్నేళ్ళయినా మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. భారమంతా ఆడదాని పొట్ట మీదే పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకున్నవాళ్ళే. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ అంతమంది లేరు. మగాళ్ళ లెక్క అడక్కండి, నూటికి ఒకడు కూడా లేడు.

చదువు పెరిగాక కాన్పులు తగ్గాయని కేరళ వాళ్ళు చెప్పుకుంటే చెల్లుతుంది. మన దగ్గర ఆ మాట సగమే నిజం. మన పిల్లలకి చిన్నప్పుడే పెళ్ళి, వెంట వెంటనే ఇద్దరు, పాతికేళ్ళు నిండకుండానే ఆపరేషను. 1992-93 సర్వే నాటికి ఆడదానికి సగటున 2.6 మంది పిల్లలు. 2005-06కి అది 1.8, 2019-21 సర్వేలో 1.7. జనాభా ఎక్కడిదక్కడ నిలబడాలంటే 2.1 ఉండాలంటారు. ఆ గీత దాటి కిందికి వచ్చి మనకి ఇరవై ఏళ్ళు దాటింది. నాలాంటి నర్సమ్మలు ఎండనకా వాననకా తిరిగితే వచ్చిన లెక్క అది. దాని గురించి సిగ్గుపడను.

ఒళ్ళు మండేదల్లా ఇప్పటి మాటలకే. కేంద్రం 1996లో టార్గెట్లు ఎత్తేసినా, మన రాష్ట్రం 1997లో తనకంటూ ఒక జనాభా విధానం పెట్టుకుని ఆపరేషన్ల జోరు పెంచింది. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు. ఇప్పుడు ఇంకా కనండి అంటున్న ముఖ్యమంత్రీ ఆయనే. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనని 2024 నవంబరులో అసెంబ్లీలో తీసేశారు. మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడయితే ఆవు ఇస్తానని విజయనగరం ఎంపీ గారు మహిళా దినోత్సవం నాడు ప్రకటించారు. ఆవు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మేం కేసుకి డబ్బు ఇప్పించినప్పుడు మమ్మల్ని తిట్టిన ముసలమ్మలు ఇవాళ బతికుంటే ఈ ఆవుని చూసి ఏమనేవారో!

కాలం మారింది, విధానం మారుస్తారు, సరే. కానీ ఆడవాళ్ళు కనడం మానేశారు, అందుకే ఊళ్ళు బోసిపోయాయి అన్నట్టు మాట్లాడతారే, అక్కడే నాకు పేచీ. మా ఊళ్ళో కాన్పులు లేకపోవడానికి ఆడవాళ్ళు కనకపోవడం ఒక్కటే కారణమైతే నేనెందుకు సణుగుతాను? కనే వయసు ఆడవాళ్ళు ఊళ్ళో ఉంటే కదా!

మా రోజుల్లో ఆడపిల్ల ఊరు దాటి వెళ్ళిందంటే పెళ్ళయి వెళ్ళిందనే అర్థం. అదీ ఎంత దూరం? రాజోలు నుంచి ముమ్మిడివరం, అమలాపురం నుంచి నరసాపురం. ఏడో నెల రాగానే సీమంతం చేయించుకుని పుట్టింటికి వచ్చేసేది. మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా పిల్లాడు అమ్మమ్మ ఒళ్ళోనే. ఎవరింటి కోడలు ఎక్కడ పురుడు పోసుకున్నా, అటూ ఇటూ తేలి లెక్క సరిపోయేది. ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళెంతమందో, ఇక్కడికి వచ్చినవాళ్ళూ అంతేమంది.

ఇప్పుడో? పిల్ల ఇంటర్ అవగానే హాస్టలు, ఇంజినీరింగు అవగానే హైదరాబాదో బెంగళూరో, ఆ మీదట డల్లాసో న్యూజెర్సీయో. సీమంతం ఫోన్లో చూస్తున్నాం, బారసాల కూడా ఫోన్లోనే. పురిటికి పిల్ల పుట్టింటికి రావడం పోయి, పుట్టిల్లే పెట్టెలు సర్దుకుని పిల్ల దగ్గరికి పోతోంది. మా వీధిలో ఎదురింటావిడ కిందటేడు అలాగే వెళ్ళింది. ఆ పెట్టె సర్దడానికి నన్ను పిలిచింది కాబట్టి అందులో ఏముందో నాకు తెలుసు. సీసాలో కాయం, వేయించి కొట్టిన శొంఠి పొడి, వాము, కరక్కాయలు, పసుపు కొమ్ములు, సాంబ్రాణి, వెండి ఉగ్గుగిన్నె, పొత్తిగుడ్డలకని ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు. విమానాశ్రయంలో తనిఖీవాళ్ళు కాయం సీసా పట్టుకుని ఏమిటిదని అడిగితే ఏం చెప్పాలో అల్లుడు కాగితం మీద రాసి పంపాడు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఈవిడ, ఆ తరవాత ఆరు నెలలు వియ్యపురాలు. వంతులు వేసుకున్నారు. ఆ పిల్లకి ఒక్కడే కొడుకు. రెండోది ఎప్పుడే అంటే, "గ్రీన్‌కార్డు సంగతి తేలనీ పిన్నీ" అంటుంది. మనవాళ్ళకి గ్రీన్‌కార్డు వరస ఏళ్ళ తరబడి కదలదని ఊళ్ళో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. 2025 జనవరిలో అక్కడి కొత్త ప్రెసిడెంటు, వీసాల మీద ఉన్నవాళ్ళకి పుట్టే పిల్లలకి పౌరసత్వం ఇవ్వనని ఉత్తర్వు తీస్తే ఇక్కడ మా వీధిలో నిద్రలు పోయాయి. కోర్టులు అడ్డుపడ్డాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. కోనసీమలో కాన్పు సంగతి వాషింగ్టన్‌లో తేలే రోజొస్తుందని మా రోజుల్లో ఎవరైనా అంటే పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళం.

ఇది డబ్బున్న ఇళ్ళ సంగతి. లేనివాళ్ళ దారి కువైట్, మస్కట్, దుబాయి. మా పల్లెపాలేల్లో ఎన్నో ఇళ్ళలో తల్లి కువైట్‌లో వంటపని చేస్తోంది, పిల్ల ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఇంటిపనికి వెళ్ళిన మనిషి మొగుణ్ణి వెంట తీసుకుపోవడం కుదరదు, అక్కడ కుటుంబ వీసాకి కావలసినంత జీతం వీళ్ళకి రాదు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తే ఆ కొద్ది రోజులూ అప్పులవాళ్ళకీ, ఇంటి రిపేరుకీ, చుట్టాల పెళ్ళిళ్ళకీ సరిపోతాయి. రెండో పిల్ల ఏదమ్మా అని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలి? మొగుడూ పెళ్ళాల మధ్య సముద్రం ఉంటే ఆపరేషనూ అక్కర్లేదు, మాత్రలూ అక్కర్లేదు. నేను ఏళ్ళ తరబడి తిరిగి సాధించిన దానికన్నా ఆ వీసా కాగితం ఎక్కువ సాధించింది.

సరే, వెళ్ళినవాళ్ళ సంగతి ఇది. మరి వచ్చినవాళ్ళు?

మా రోజుల్లో నాట్లంటే ఆడవాళ్ళ పని. ఇప్పుడు ఆషాఢంలో చేలో చూస్తే బెంగాల్ కుర్రాళ్ళు తాడు కట్టి వరసగా నాటుతున్నారు, ఎకరాకి ఇంతని గుత్త. పని చక్కగా చేస్తారు, ఆ మాట దాచకూడదు. మాట ఒక్కటీ అర్థం కాదు, అంతే తేడా. కొబ్బరి లోడు, చెరువుల కాపలా, మేత చల్లడం, భీమవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీలు... ఎక్కడ చూసినా ఒడిశా, బెంగాల్, బీహారు మనుషులే. తెలంగాణలో ఇటుక బట్టీలకి ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి వస్తారు, రైసుమిల్లు హమాలీలు బీహారు వాళ్ళు. కరోనా లాక్‌డౌన్లో వలస కూలీల కోసం దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న బయల్దేరింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌కి. వారం తిరిగేసరికి బీహారు నుంచి ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది, రైసుమిల్లుల హమాలీలని ఎక్కించుకుని. దేశమంతా మనుషులు ఇంటి దారి పడితే మన ధాన్యం బస్తాలు మోయడానికి మనుషుల్ని రైలుకట్టి రప్పించుకున్నాం. అంత అవసరం మనకి వాళ్ళతో.

అయినా టీ కొట్టు దగ్గర మా మగ పెద్దలు మాట్లాడే మాటలు వినాలి. "మన పిల్లలు ఒక్కణ్ణి కని ఊరుకుంటారు, వీళ్ళు పదేసి మందిని కని ఊరు నింపేస్తారు, చూస్తూండండి." ఒక రోజు నాకు పట్టలేక లోపలికెళ్ళి కూర్చున్నాను. ఆడదాన్ని టీ కొట్లో చూసి సగం మంది లేచారు, మిగతా సగానికి లెక్క చెప్పాను.

మొదటి లెక్క. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రలో ఒక్కో ఆడదానికి సగటున 1.7 మంది పిల్లలు. పశ్చిమ బెంగాల్లో 1.6. అంటే నాట్లేసే ఆ కుర్రాడి అప్పచెల్లెళ్ళు మన పిల్లలకన్నా తక్కువే కంటున్నారు. ఒడిశాలో 1.8, మనకీ వాళ్ళకీ పెద్ద తేడా లేదు. బీహారొక్కటే 3 దగ్గర ఉంది, అదైనా 2005-06లో 4 ఉండేది. మనం ఎక్కి దిగిన మెట్లే వాళ్ళూ దిగుతున్నారు, కాస్త వెనకాల.

రెండో లెక్క దీనికన్నా ముఖ్యం, దాన్ని నాలుగు పేపర్లు చదివేవాళ్ళు కూడా పట్టించుకోరు. జననాల రేటంటే వెయ్యి మంది జనాభాకి ఏడాదికి ఎంతమంది పుట్టారని. 2020లో ఆంధ్రలో అది 15.7. మా పాత సబ్‌సెంటరు జనాభా 5,000 అనుకుందాం, ఏడాదికి 75 కాన్పులు అనుకుందాం. వెయ్యికి 15. ఆ పక్కన చెరువుల మీదికి వెయ్యి మంది మగ కూలీలు వచ్చి దిగారు. ఎవరి పెళ్ళాం పిల్లలూ వెంట రాలేదు. జనాభా 6,000 అయింది, కాన్పులు అవే 75. వెయ్యికి పన్నెండున్నరకి పడిపోయింది. అంటే వాళ్ళు రావడం వల్ల మన జననాల రేటు పెరగడం పోయి ఇంకా తగ్గింది! అలాగే మన పడుచు జంటలు వెళ్ళిపోయి మాలాంటి ముసలివాళ్ళం మిగిలినా తగ్గుతుంది. ఒక్కో ఆడదీ ముగ్గుర్ని కన్నా తగ్గుతుంది. పిల్లలు ఆడవాళ్ళకి పుడతారు, జనాభా లెక్కలకి పుట్టరు. ఇది చెప్పడానికి డాక్టరీ చదవక్కర్లేదు.

మగాళ్ళు ఒంటరిగా వలసపోతే ఏమవుతుందో మన జిల్లాకి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. మా తాత రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావాళ్ళంతా రంగమనే అనేవారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు కాబట్టి అక్కడ తెలుగు కూలీలని కోరంగీలన్నారు. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా మన దేశంవాళ్ళే. రేవులో మూటలు మోసేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో మగాళ్ళే మెండు, ఆడవాళ్ళు బహు కొద్ది. మా తాత కూడా ఒక్కడే ఒక గదిలో పదిమందితో కలిసి పడుకున్నాడట. 1930లో రేవు కూలీల మీద అక్కడివాళ్ళు విరుచుకుపడి చంపినప్పుడు వాళ్ళన్న మాట కూడా మా టీ కొట్టు మాటే, పని లాక్కుంటున్నారు, ఊరు నింపేస్తున్నారు అని. మా తాత పిల్లల్లో ఇద్దరికి మధ్య పదకొండేళ్ళ ఎడం. ఆ ఎడానికి కారణం మా నాయనమ్మ ఎవరికీ వివరించక్కర్లేకపోయింది. 1942లో జపాన్ వాళ్ళు వచ్చిపడితే తాత అడవుల గుండా నడిచి ఇల్లు చేరాడు. ఆ తరవాత పుట్టినవాడే మా చిన్నాన్న.

అదే మా పెదనాన్న కథ చూడండి. తుంగభద్ర డ్యాం కింద కాలువలొచ్చాక, మన కృష్ణా గోదావరి జిల్లాల రైతులు ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ పదెకరాలు కొని కర్ణాటకలోని సింధనూరు, గంగావతి వైపు వెళ్ళి క్యాంపులు వేసుకున్నారు. పెళ్ళాం, పిల్లలు, గేదెలు, రోకలి, ఊరి రామాలయం బొమ్మ దాకా అన్నీ బండ్లకెత్తి తీసుకెళ్ళారు. అక్కడ మా పెద్దమ్మకి వరసగా నలుగురు పుట్టారు. మొదట్లో ఆ క్యాంపుల్లో ఊయల లేని ఇల్లు లేదని మా పెద్దమ్మ చెప్పేది. ఊరు బోసిగా ఉండకుండా నింపింది వలసొచ్చినవాళ్ళే. మరి ఆ నలుగురి పిల్లలెందరు? ఇద్దరిద్దరే. మనవల్లో ఒక్కరితో ఆపినవాళ్ళూ ఉన్నారు. క్యాంపులో తెలుగు మాట్లాడుకుంటారు, సంక్రాంతికి ముగ్గులేస్తారు, కానీ కాన్పుల లెక్కలో పక్కింటి కన్నడమ్మకీ వాళ్ళకీ తేడా కనపడదు.

రెండు కథలూ చెప్పేది ఒకటే. ఆలుమగలు కలిసి వెళ్ళి నిలిచి కాపురం చేస్తేనే వలసతో ఊరికి పిల్లలొస్తారు. అలా వచ్చినా ఒక తరం తిరిగేసరికి ఆ ఊరి అలవాటే వాళ్ళకీ పట్టుకుంటుంది. ఫ్రాన్సులో కూడా ఇదే పేచీ వస్తే వాళ్ళ జనాభా అధ్యయన సంస్థ 2017 లెక్కలు తీసి చూసింది. పుట్టిన పిల్లల్లో ఇంచుమించు అయిదో వంతు వలస తల్లులకి పుట్టినవాళ్ళే. అయినా దేశం సగటు మీద వాళ్ళ వల్ల వచ్చిన తేడా ఎంతో తెలుసా? 1.8 ఉండాల్సింది 1.9 అయింది. పదో వంతు పిల్ల. దీనికోసమా అంత గోల!

మా దగ్గరి రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి ఒడిశా నుంచి జంటలు కూడా వస్తున్నారు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి సచివాలయంలో ఉన్న ఏఎన్ఎం దగ్గరికి బిడ్డని ఎత్తుకొచ్చింది. ఇప్పటి ఏఎన్ఎం నాకు కూతురు వరస, ఏదైనా చిక్కొస్తే నన్ను పిలుస్తుంది. తల్లీబిడ్డల కార్డు చూస్తే అంతా ఒడియా అక్షరాలు. తేదీల అంకెలు కూడా ఆ లిపిలోనే రాశారు. పెంటా టీకా రెండో డోసు పడిందో లేదో మా ఇద్దరికీ తెలీదు. ఆ పిల్ల వేళ్ళతో రెండు చూపించి, తొడ మీద సూది గుచ్చినట్టు అభినయించింది. చివరికి ఆ పిల్ల ఊరి ఆశా కార్యకర్తకి ఫోన్ కలిపించి, ఫ్యాక్టరీ సూపర్‌వైజరు హిందీలో అడిగి చెబితే ఏఎన్ఎం మూడో డోసు వేసింది. పురుడు ఎక్కడమ్మా అని అడిగితే ఊళ్ళోనే అంది. ఏడో నెలలో రైలెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళిపోయిందట. మా రోజుల్లో మన పిల్లలు చేసిన పనే. ఇక్కడ ఎందుకు ఉండలేదంటే, నవ్వి షెడ్డు వైపు చెయ్యి చూపించింది.

ఆ షెడ్డు నేను వెళ్ళి చూశాను. రేకుల కప్పు, మధ్యలో చీరలు కట్టి చేసిన అడ్డాలు, ఒక్కో అడ్డం వెనక ఒక్కో సంసారం. చంటిపిల్లకి నీళ్ళు పోయడానికి చాటు లేదు, పెద్ద మనిషి స్నానానికే లేదు. నీళ్ళ పంపు గంట వస్తుంది. ఎంతమంది కావాలనుకుంటున్నారమ్మా అని నా పాత అలవాటు కొద్దీ అడిగాను. ఒక్కటి చాలు అన్నట్టు వేలు చూపించింది. ఆ షెడ్డులో ఉంటే ఎవరైనా అంతే అంటారు.

ఇక్కడే నా కోపమంతా. మన పిల్లలు డల్లాస్‌లో ఒక్కణ్ణి కని ఇల్లు కొనుక్కునేదాకా ఆగుతామంటే, అవును పాపం అంటాం. మన ఆడది కువైట్‌లో మొగుణ్ణి తెచ్చుకోనివ్వలేదని కన్నీళ్ళు పెడతాం. అదే మన ఊరికొచ్చిన జంటకి నాలుగు గోడల గది మాత్రం ఇవ్వం. ఎవడో షేకు చేసిన పనే మనమూ చేస్తూ, ఊళ్ళో పిల్లలు లేరే, బడి మూసేస్తున్నారే అని దిగులు పడతాం. మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో ఒక తరగతికి నలుగురు పిల్లలు కూడా లేని రోజుల్లో, ఫ్యాక్టరీ గేటు బయట ఆడుకునే పిల్లల్ని చూశాను. వాళ్ళని బడికి పంపే దారి చూస్తే బడి నిలబడేది. రంగారెడ్డి జిల్లా ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లలకి ఒడియా చెప్పే మనుషుల్ని పెట్టి బడులు నడిపారు, చేతకాని పనేం కాదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, రాజకీయం తెలిసినవాళ్ళు వినండి. 2027 మార్చి 1ని ప్రమాణంగా పెట్టుకుని జనగణన జరగబోతోంది. దాని తరవాత పార్లమెంటు సీట్లు పంచితే పిల్లల్ని తక్కువ కన్న దక్షిణాదికి నష్టమని అందరూ అంటున్నారు. నిజమే, 1971 లెక్కల దగ్గర ఆగిపోయిన సీట్లు కదిలితే మనకి దెబ్బే. కానీ లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు డల్లాస్‌లో ఉన్న మనవాణ్ణి ఇక్కడ రాసుకోరు. చెరువు గట్టు మీద కాపురముంటున్న ఒడియా జంటని రాసుకుంటారు, రాసుకోవాలి కూడా. ఆవిడకి పుట్టే బిడ్డ ఈ ఊరి లెక్కలోకే వస్తుంది. ఇప్పుడే పుట్టే మూడో బిడ్డ ఓటేయడానికి 18 ఏళ్ళు పడుతుంది, ఎదిగి మళ్ళీ కనడానికి పాతికేళ్ళు. ఈలోగా నాట్లెవరు వేస్తారు?

నర్సమ్మగా ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. ఆసుపత్రుల్లో అవసరం ఉన్నా లేకున్నా కోతలు కోయడం ముందు ఆపండి. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రలో నూటికి 42, తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. రెండు కోతలయ్యాక మూడోది కనమంటే ఏ ఆడది ఒప్పుకుంటుంది? ఆవులూ చెక్కులూ పక్కన పెట్టి, పని చేసే జంటలకి పిల్లని వదిలి వెళ్ళడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచే అంగన్వాడీ ఇవ్వండి, ఊరివాళ్ళకీ వలసొచ్చినవాళ్ళకీ కలిపే. ఇక మీ ఊళ్ళో అమెరికా వాళ్ళ ఇళ్ళు తాళాలేసి వాచ్‌మన్‌ని పెట్టి ఉంచినవి ఉంటాయి, ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. మనవాళ్ళు కాదని, మాట రాదని వంక పెట్టకుండా ఆలుమగలకి అద్దెకివ్వండి. నేను మా పెరటి వాటా ఒక ఒడియా జంటకి ఇచ్చాను. అద్దె ఒకటో తారీకున ఠంచనుగా ఇస్తున్నారు.